గుండిగలు ఊరంతా తిరిగిన రోజుల్లో

పద్మనాభంలో ఒక ఇంట పెళ్ళి కుదిరిందంటే, ముహూర్తం పెట్టించుకున్న సాయంత్రమే ఆడవాళ్ళంతా అరుగు మీద చేరి సామాను సంగతి తేల్చుకునేవారు. అన్నానికి గుండిగలు ఎవరింటివి? పులుసుకి కాగు ఎవర్నడగాలి? కిందటి పెళ్ళికి వెళ్ళిన నీళ్ళ గంగాళం తిరిగొచ్చిందా? చిరుగుల్లేని జంబుఖానాలు ఎక్కడున్నాయి? పెట్రోమాక్స్ లైట్లు మనూళ్ళోవి చాలతాయా, రేవిడి కబురు పెట్టాలా? 1970ల్లో, 80ల మొదట్లో కూడా ఇదే వరస. ఎంత కలిగినవాళ్ళయినా సరే, అంతా సొంత సామానుతో పెళ్ళి చేసిన ఇల్లు మా ఊళ్ళో నాకు తెలిసి లేదు. ఒకరింట్లో గుండిగలుండేవి, ఒకరింట్లో కాగులు, ఇంకొకరింట్లో గరిటెలూ జల్లిగంటెలూ. ఊరంతా కలిస్తే ఒక పెళ్ళి సామాను.

ఆ రోజుల గురించి ఇప్పుడు అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. అడిగితే కాదనేవారు కాదట, అందరూ ఒక్కింటి మనుషుల్లా ఉండేవారట. ఇచ్చేవారు, నిజమే. ఇవ్వకపోతే ఎవరి పెళ్ళీ అయ్యేది కాదు మరి. ఇచ్చిన గుండిగ సొట్టపడి, చెవి ఊడి, అడుగు మాడి తిరిగొచ్చినప్పుడు ఏం మాట్లాడాలో, ఎలా మాట్లాడాలో ఆ ఊరికి తెలిసుండేది. నాకు పోయిందనిపించేది అది.

మాది కొండ కింద ఊరు. కొండ మీద అనంత పద్మనాభస్వామి, కింద కుంతీమాధవస్వామి, పక్కన గోస్తని. జిల్లా విశాఖపట్నమే అయినా బజారు పనంటే విజయనగరం. కార్తీక అమావాస్య నాటి సాయంత్రం వెయ్యికి పైబడిన కొండ మెట్ల మీద దీపాలు పెడతారు, ఆ రాత్రికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ మా ఊళ్ళోనే ఉంటాయి. చరిత్ర పుస్తకాల్లోకి మా ఊరి పేరు ఎక్కింది మాత్రం ఒక బాకీ తగువు మూలాన. విజయనగరం సంస్థానం పేష్కషు, అంటే కప్పం, బాకీ పడిందని ఈస్టిండియా కంపెనీవాళ్ళు పట్టుబట్టడం, చినవిజయరామరాజు లొంగకపోవడం, 1794 జులై 10న ఇక్కడ యుద్ధం జరిగి ఆయన చనిపోవడం ఇక్కడి పిల్లలకి బడికి వెళ్ళకముందే తెలుసు. ఇచ్చిపుచ్చుకోవడాలు చెడితే ఎంతదాకా పోతుందో తెలిసిన ఊరని నేననుకుంటాను.

మా నాయనమ్మ దగ్గర నాలుగు పెద్ద ఇత్తడి గుండిగలు, రెండు కాగులు, ఒక రాగి గంగాళం ఉండేవి. పెరటివైపు చీకటి గదిలో బోర్లించి ఉండేవి. ఒక్కోదాని అంచు మీద మా తాతగారి పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉండేది. ఎవరైనా వచ్చి అడిగితే ఆవిడ వెంటనే ఇచ్చేసేది కాదు. వచ్చినవాళ్ళని గదిలోకి తీసుకెళ్ళి, గుండిగని వెలుతురులోకి దొర్లించి, వేలి కణుపుతో కొట్టి మోగించేది. పగులుంటే మోత తేడాగా వస్తుంది. తర్వాత చేత్తో లోపలంతా తడిమి చూపించేది. "ఇదిగో, ఈ సొట్ట పాతదే. ఈ చెవి కదుల్తోంది, చెవి పట్టుకు ఎత్తకండి, కింద చేతులెట్టి ఇద్దరు ఎత్తండి. కాగుకి అడుగున మాటుంది, మరీ పెద్ద మంట పెట్టకండి." అంతా చెప్పాక గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. గీత పక్కన ఇంటి గుర్తు ఒకటి. ఆవిడకి చదువు రాదు. కొబ్బరి చెట్టున్న ఇంటికి ఒక గుర్తు, నుయ్యి ఉన్న ఇంటికి ఇంకో గుర్తు.

చాలా ఏళ్ళ తర్వాత, ఒక లాయరు స్నేహితుడి గదిలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం తిరగేస్తుంటే నాకు ఆ చీకటి గది కళ్ళ ముందుకొచ్చింది. మరొకరికి అప్పగించిన వస్తువుల మీద అందులో ఒక అధ్యాయమే ఉంది. ఇచ్చేవాడు వస్తువులో తనకు తెలిసిన లోపాలు ముందే చెప్పాలని 150వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే, ఆ లోపం వల్ల తీసుకున్నవాడికి జరిగిన నష్టానికి ఇచ్చినవాడిదే పూచీ. తీసుకున్నవాడు, మామూలు వివేకమున్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా దాన్నీ చూసుకోవాలని 151వ సెక్షన్. ఇంకా వెనక్కి వెళ్తే యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర వ్యాఖ్య ఉంది. పెళ్ళిళ్ళకీ పండగలకీ అడిగి తెచ్చుకున్న బట్టలూ నగలూ అని ఆ వ్యాఖ్య సరిగ్గా మన సంగతే ఎత్తుతుంది. రాజు లాక్కుపోయినా, దైవికంగా పోయినా, దొంగలెత్తుకుపోయినా తెచ్చుకున్నవాడు కట్టక్కర్లేదంటుంది. దాన్ని కేతన పదమూడో శతాబ్దంలోనే తెలుగు చేశాడు. పెళ్ళికి ఎరువు తెచ్చుకున్న సొమ్ము మీద తగువు ఎంత పాతదో చూడండి.

నగల దగ్గర మా ఊరు ఇంకా జాగ్రత్తగా ఉండేది. కాసులపేరు ఇవ్వాలంటే ముందు కంసాలి దగ్గర తూకం వేయించి, కాసులు ఇద్దరి ఎదుటా లెక్కపెట్టించి ఇచ్చేవారు. తిరిగొచ్చినప్పుడూ అదే తంతు. ఎరువుల సొమ్ము బరువుల చేటని ఊరికే అనలేదు.

గుండిగల దగ్గరికి వస్తాను, ఎందుకంటే వాటికి జరిగే నష్టం నగలకి జరిగినట్టు పైకి కనబడదు. ఇత్తడి గుండిగ లోపల తగరం పూత ఉంటుంది, కళాయి. ఆ పూత ఉన్నంతకాలం పులుసు కాచినా మజ్జిగ పోసినా ఏమీ కాదు. పూత పోయిన చోట పులుపు తగిలితే కనరెక్కుతుంది, చిలుము పడుతుంది, తిన్నవాళ్ళకి వాంతులు. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది. నీళ్ళు పోయకుండా గుండిగని పొయ్యి మీద పెట్టి, వంటవాడు తమలపాకు నములుతూ మాటల్లో పడ్డాడంటే చాలు, కళాయి కరిగి అడుక్కి జారిపోతుంది. పైనుంచి చూస్తే గుండిగ శుభ్రంగానే ఉంటుంది. చింతపండుతో తోమి మెరిపించి కూడా తెచ్చిస్తారు.

అందుకే మా నాయనమ్మ తిరిగొచ్చిన గుండిగ బయట ఎంత మెరుస్తోందో చూసేది కాదు. తెచ్చినవాళ్ళని నిలబెట్టే, చెయ్యి లోపల పెట్టి గోడలంతా రుద్ది వేళ్ళు చూసుకునేది. ఒకసారి ఒక ఇంటి కోడలు గుండిగ తెచ్చింది. ఆనవాయితీ ప్రకారం ఖాళీగా తేలేదు, లోపల తవ్వెడు బియ్యం, బెల్లం ముక్క, రెండు అరటిపళ్ళు ఉన్నాయి. నాయనమ్మ వాటిని పక్కకి తీసి, చెయ్యి పెట్టి చూసి, అక్కడే అరుగు మీద, ఎదురింటివాళ్ళు వింటుండగానే అంది:

"ఒలమ్మా, కళాయి పోయింది. కాలీ గుండిగ పొయ్యి మీదెట్టీసినారు మీవోళ్ళు."

కోడలి మొహం ఎర్రబడింది. "నాకు తెలీదత్తా. వంటోళ్ళు ఏటి సేసినారో."

"నీకు తెలీదులే. మీ అత్తకి సెప్పు, కళాయోడొచ్చినప్పుడు ఏయించాల. అప్పటిదాకా గుండిగ మీ ఇంట్లోనే ఉంచండి. బియ్యం మాత్రం నానుంచుకుంతాను."

అంతే. బియ్యం తీసుకుని, ఆ పిల్ల చేతిలో ఒక అరటిపండు పెట్టి పంపింది. గుండిగ వాళ్ళ వాకిట్లో సంక్రాంతి దాకా ఉంది. కళాయివాడు వచ్చాక వాళ్ళ ముంగిట్లోనే గొయ్యి తవ్వి బొగ్గులు పోసి తిత్తి ఊదాడు. గుండిగని ఇసకతో తోమి, నిప్పుల మీద తిప్పుతూ కాచి, నవాసాగరం పొడి చల్లగానే గుప్పున తెల్లటి పొగ లేచింది, ముక్కు ఘాటెక్కింది. తగరం కడ్డీని వేడి లోహానికి తాకిస్తే వెన్నలా కరిగింది. దూది ఉండతో ఒక్క తిప్పు తిప్పేసరికి లోపలంతా వెండి రంగు. పిల్లలమంతా చుట్టూ మూగాం. నాయనమ్మ కూడా వెళ్ళి నిలబడింది. వాళ్ళ అత్తా ఈవిడా పొయ్యి పక్కన కూర్చుని అంతసేపూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. కూలి వాళ్ళే ఇచ్చారు. ఆ మరుసటేడు మా ఇంట్లో పెళ్ళికి వాళ్ళ కాగులే వచ్చాయి.

ఇందులో నాకు ఇప్పటికీ అబ్బురమనిపించేది ఆ అరుగు మీద మాట. నష్టం జరిగిందని మొహం మీద చెప్పింది. నలుగురిలో చెప్పింది. అయినా ఆ కోడలిని నిందించలేదు, బాగు చేయించే పూచీ ఎవరిదో తేల్చింది, బియ్యం తీసుకుని రాకపోకలు ఉన్నాయని చెప్పకనే చెప్పింది. అవన్నీ ఒక్క నిమిషంలో అయిపోయాయి. మనసులో పెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

పెట్రోమాక్స్ లైటుకి వేరే పద్ధతి. దాని మాంటిల్ ఒక్కసారి వెలిగిందంటే బూడిద గూడు కింద లెక్క, ఎవరి చెయ్యి తగిలినా రాలిపోతుంది. కాబట్టి మాంటిలూ కిరసనాయిలూ అడిగినవాళ్ళవి, గాజు ఇచ్చినవాళ్ళది, లైటుతోబాటు దాన్ని వెలిగించడం తెలిసిన మనిషి కూడా వచ్చి పెళ్ళివారింట్లో భోంచేసి పడుకునేవాడు. ముందే పంచుకున్న నష్టానికి తగువేముంటుంది?

బండ్లతో మాత్రం తగువులు వచ్చేవి. ఒకాయన ఇంకొకాయన బండి అడిగి విజయనగరం గోగునార తోలాడు. తిరుగుదల్లో ఇరుసు విరిగింది. మోయాల్సినదానికన్నా ఎక్కువ వేశావని బండి యజమాని, నీ ఇరుసే పుచ్చిపోయిందని తోలినాయన. మాటా మాటా పెరిగి గుడి ముందు నలుగురిలో పడింది. పెద్దలు విరిగిన ఇరుసు తెప్పించి, ముక్క లోపలి రంగు చూశారు. సగం పాత పుచ్చు, సగం కొత్త విరుగు. కర్ర యజమానిదనీ, వడ్రంగి కూలి తోలినాయనదనీ తేల్చారు. ఇద్దరికీ తృప్తి లేదు. ఇద్దరూ ఒప్పుకున్నారు. అదే మంచి తీర్పని మా నాన్న అనేవాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఊరందరిదీ కాదు. ఊరి చివర దళితుల పేటలో పెళ్ళిళ్ళకి ఈ గుండిగల్లో ఒక్కటీ వెళ్ళలేదు. అడగరని అందరికీ తెలుసు, అడిగితే ఇవ్వరని వాళ్ళకి తెలుసు. అక్కడ మట్టి కుండల్లో, అద్దెకు తెచ్చుకున్న అల్యూమినియం డేగిశాల్లో వండుకునేవారు. మా గుండిగల్లో వండిన అన్నానికి బియ్యం దంచినవాళ్ళు, గుండిగల కింద కట్టెలు కొట్టినవాళ్ళు ఆ పేటవాళ్ళే. ఇంకొకటి. నష్టం సంగతి మొహం మీద చెప్పడమన్నది ఇద్దరూ ఇంచుమించు సమానమైతేనే సాగేది. చిన్నరైతు ఎడ్లజతని పెద్ద కమతం ఆసామి దమ్ముకి తోలుకెళ్ళి, మెడ పుండు పడేదాకా దున్నించి పంపితే, ఆ రైతు ఎవరి అరుగెక్కి అడుగుతాడు? రాత్రంతా పసుపూ వేపనూనే రాసుకుంటూ కూర్చునేవాడు. అదే ఆసామి దగ్గర పలుగు తెచ్చుకుని విరగ్గొట్టిన కూలి మనిషి, దానికి ఎన్ని రోజులు ఊరికే పనిచేసి తీర్చుకోవాలో ఆసామే చెప్పేవాడు. ఆ రోజుల్ని మెచ్చుకుంటూ ఈ మాట వదిలేస్తే అబద్ధం చెప్పినట్టే.

అందుకే టెంట్ హౌస్ వచ్చినప్పుడు దాన్ని తిట్టినవాళ్ళతో నేను గొంతు కలపలేదు. 80ల్లో తగరపువలసలో, విజయనగరంలో షామియానా దుకాణాలు వెలిశాయి. డేగిశాలు, స్టీలు బకెట్లు, మడత కుర్చీలు, జనరేటరు. దుకాణంవాడు ఏ పేట అని అడగడు, అడ్వాన్సు అడుగుతాడు. దళితుల పేటకీ కరణం గారింటికీ ఒకే డేగిశా రావడం మా ఊళ్ళో అప్పుడే మొదలు. అది చిన్న సంగతి కాదు.

కుర్రాళ్ళు పోర్టుకీ, షిప్‌యార్డుకీ, తర్వాత స్టీల్‌ప్లాంటుకీ వెళ్ళారు. ఇళ్ళు గాజువాక, కూర్మన్నపాలెం వైపు మారాయి. పెళ్ళిళ్ళు కల్యాణమండపాలకి మారాయి. గుండిగలు తూకానికి వెళ్ళాయి. వీధిలో స్టీలు సామాను బండి ఆగితే, ముగ్గురు మనుషులు మోయాల్సిన ఇత్తడి ఇచ్చి, టిఫిను డబ్బాలూ గిన్నెల సెట్టూ తీసుకున్న ఇళ్ళు నాకు తెలుసు. కళాయివాడు రావడం మానేశాడు. మాట్లేసేవాడు ఇంకొన్నాళ్ళు ప్లాస్టిక్ బకెట్లకి అతుకులేస్తూ తిరిగి, వాడూ మానేశాడు.

టెంట్ హౌస్ చీటీ వెనక ఒక పట్టీ ఉండేది. గరిటె పోతే ఇంత, గ్లాసు పోతే ఇంత, కుర్చీ కాలు విరిగితే ఇంత. సామాను తిరిగిచ్చేటప్పుడు లెక్కపెట్టి అడ్వాన్సులో కోసుకుంటాడు. విరగ్గొట్టినవాడు ఎవడో అతనికి అక్కర్లేదు, మనకీ అక్కర్లేదు. ఎవరి మొహమూ చూడక్కర్లేకుండా నష్టానికి ఒక ధర కట్టేశారు. హాయిగానే ఉంది. కాకపోతే ఆ హాయికి అలవాటు పడి, ధర పట్టీ లేని చోట ఏం మాట్లాడాలో మర్చిపోయాం.

మధురవాడలో మా అపార్టుమెంటులో చూస్తుంటాను. ఒకరి డ్రిల్లింగ్ మిషను ఒకరు తీసుకుంటారు, బిట్టు విరుగుతుంది, సంచీలో పెట్టి తలుపు గొళ్ళానికి తగిలించి వెళ్ళిపోతారు. ఇచ్చినాయన చూసుకుంటాడు, ఏమీ అనడు. ఆ తర్వాత లిఫ్టులో ఫోను చూసుకుంటూ నిలబడతాడు. మరోసారి అడిగితే మిషను పాడైందంటాడు. బైకు గీత పడి వస్తుంది, పుస్తకం అట్ట ఊడి వస్తుంది, పట్టుచీర అంచు మీద నూనె మరకతో వస్తుంది. అన్నిటికీ ఒకటే జవాబు, పర్లేదండీ. ఆ పర్లేదు వెనక ఎంత కోపముంటుందో అన్నవాళ్ళకీ తెలుసు, విన్నవాళ్ళకీ తెలుసు. పర్లేదు అన్న రోజునే ఆ రెండిళ్ళ మధ్య రాకపోకలు సగం తెగుతాయి. మా నాయనమ్మ ఒక్క సంబంధం కూడా ఆ మాటతో పోగొట్టుకోలేదు, ఎందుకంటే ఆవిడ ఆ మాట అనేదే కాదు.

అయితే ఇచ్చిపుచ్చుకోవడం మరో రూపంలో మళ్ళీ మొదలైన చోట్లూ ఉన్నాయి. సిద్దిపేట జిల్లా ఊళ్ళలో మహిళా సంఘాలు స్టీల్ బ్యాంకులు పెట్టాయి. ప్లాస్టిక్ తగ్గించాలని మొదలైన పని అది. పెళ్ళికీ దినానికీ స్టీలు కంచాలూ గ్లాసులూ కొద్దిపాటి అద్దెకి సంఘంవాళ్ళే ఇస్తారు. నాకు అందులో నచ్చింది, లెక్కపెట్టి ఇచ్చే మనిషీ, తిరిగి తీసుకునే మనిషీ ఆ ఊళ్ళోవాళ్ళే కావడం. కంచం పోతే రేపు వీధిలో ఎదురుపడి మాట్లాడుకోవాల్సిందే.

హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు, 2014 అక్టోబరు 12న, మా ఊళ్ళో కూడా పాత అలవాటు ఒకసారి లేచి కూర్చుంది. కరెంటు లేదు, మోటారు లేదు, దారికి అడ్డంగా చెట్లు. ఉన్న రంపాలూ గొడ్డళ్ళూ మోకులూ ఇల్లిల్లూ తిరిగాయి. పాత ఇత్తడి బిందెలు అటకలు దిగాయి. పళ్ళు విరిగిన రంపం తెచ్చిచ్చిన కుర్రాడితో ఒక ముసలాయన, "ఆకురాయి అట్టుకొచ్చి నువ్వే పళ్ళు సాన పట్టు, నానిక్కడే కూకుంతాను" అనడం విన్నాను. కుర్రాడు కూర్చుని పట్టాడు.

మా మేనత్త ఇంకా ఆ ఊళ్ళోనే ఉంది. నాయనమ్మ సామానులో గంగాళం ఒక్కటే తూకానికి పోకుండా ఆవిడ వాటాకి వచ్చింది. కిందటి కార్తీక అమావాస్యకి మెట్ల దగ్గర మంచినీళ్ళు పోయడానికి కుర్రాళ్ళు అడిగితే ఇచ్చింది. మర్నాడు ఒక ఆటో కుర్రాడు తెచ్చి దింపాడు. అడుగున సన్నగా కారుతోంది.

"మామ్మా, ఎంతవుద్దో సెప్పు, ఫోన్‌పే సేసేస్తాను."

"డబ్బులు నానేటి సేసుకుంతాను? నువ్వే అట్టుకెళ్ళి మాటేయించి తే."

విజయనగరంలో పాత్రల కొట్లన్నీ తిరిగాడట. మాటు వేసేవాళ్ళు లేరు, తూకానికి ఇస్తే స్టీలు డ్రమ్ము ఇస్తామన్నారట. వచ్చి ఆ సంగతి చెప్పాడు. శ్రీకాకుళం జిల్లాలో బూడితి ఉంది, అక్కడ కంచరివాళ్ళు ఇప్పటికీ ఇత్తడి పని చేస్తారు, అక్కడికెళ్ళమంది అత్త. ఆటోలో వేసుకుని వెళ్ళాడు. తెచ్చాక ఇద్దరూ గంగాళాన్ని అరుగు మీద పెట్టి, నూతి నీళ్ళు తోడి నింపి, కింద సిమెంటు తడుస్తోందా అని వంగి చూశారు. ఇంకా కొద్దిగా చెమ్మ దిగుతోందంది అత్త. సంక్రాంతి లోపు మళ్ళీ పట్టుకెళ్తానన్నాడు. సరే, ఈసారి ఛార్జీలో సగం నానిస్తాను, పాత గంగాళం కదా అంది.